టెస్ట్ ఫెయిలైతే తప్పు టెస్ట్‌దే

బ్రౌజర్ ఇంజిన్‌లో (అంటే వెబ్ పేజీని తెర మీద గీసే కోడ్‌లో) టెస్టులు కోడ్ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికే అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు, పాపం. సఫారీ ఇంజిన్ వెబ్‌కిట్‌లో, క్రోమ్ ఇంజిన్ బ్లింక్‌లో టెస్ట్‌ఎక్స్‌పెక్టేషన్స్ అని ఓ ఫైలుంటుంది (2013లో వెబ్‌కిట్ నుంచి విడిపోయి బ్లింక్ వేరుకాపురం పెట్టినా ఈ ఆస్తి మాత్రం ఇద్దరికీ దక్కింది), ఏ టెస్ట్ ఫెయిలైనా ఫర్లేదో, ఏది ఓసారి పాసై ఓసారి ఫెయిలైనా కంగారు పడక్కర్లేదో అన్నీ అందులో రాసుంటాయి. ఆన్సర్ తప్పైతే కీ పేపరే మార్చేస్తారన్నమాట, ఇంత మానవత్వం ఏ పరీక్షలోనైనా ఉందా చెప్పండి.

రీఫ్‌టెస్ట్ సంగతి ఇంకా గొప్పది. ఒకేలా కనిపించాల్సిన రెండు పేజీలు గీయించి పిక్సెల్ పిక్సెల్ పోల్చి చూస్తారు, ఫాంట్ వల్ల తేడా రాకూడదని అహెమ్ అని ప్రత్యేకంగా ఓ ఫాంటే ఉంది, అందులో దాదాపు ఏ అక్షరం కొట్టినా నల్ల చతురస్రమే వస్తుంది. ఇంత నిష్ఠగా చేసి, చివర్లో ఫజీ అని ఓ మెటా ట్యాగ్ పెట్టి, టోటల్ పిక్సెల్స్ 0-300 అని రాస్తే 300 పిక్సెల్స్ దాకా తేడా వచ్చినా పాసే! నిష్ఠ నిష్ఠే, పట్టువిడుపులు పట్టువిడుపులే.

ఇక రివ్యూ, అంటే కోడ్ మార్పుని (ప్యాచ్‌ని) ఇంకొకరు చూసి ఒప్పుకోవడం. కొత్తగా వచ్చిన కుర్రాడు మార్జిన్ కొలాప్స్ (పైనా కిందా ఖాళీలు ఒకటిగా కలిసిపోవడం) బగ్ ఒకటి ఫిక్స్ చేసి ప్యాచ్ పెడతాడు. "టెస్ట్ ఏది?" అంటారు. న్యాయమే, టెస్ట్ లేకుండా ప్యాచ్ తీసుకుంటే రేపు ఇంకోడు అదే చోట మళ్లీ విరగ్గొడతాడు. రాస్తాడు. టెస్టులు వాటంతటవే నడిపే విండోస్ బాట్ మీద ఫెయిలవుతుంది, మళ్లీ నడిపితే పాసవుతుంది, అంటే ఫ్లేకీ (నిలకడ లేనిది), అంటే పైన చెప్పిన ఫైల్లో ఇంకో లైను. ఇప్పుడు టెస్ట్ ఉంది, పాసైనా ఫెయిలైనా ఎవరూ దాని మొహం చూడరు, రివ్యూయర్ గారు తృప్తిగా ఎల్‌జీటీఎం ("నాకు బాగానే ఉంది") కొట్టేస్తారు. అంతకుముందు వేరియబుల్ పేరు మీద వారం రోజుల చర్చ మామూలే.

ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ గెక్కో వాళ్ల దగ్గర షెరిఫ్‌లు (కాపలా వాళ్లు) కూడా ఉంటారు, చెట్టు (అందరి కోడూ చేరే చోటు) విరిగిందంటే చాలు, మొహమాటం లేకుండా ప్యాచ్‌ని బ్యాకౌట్ చేసేస్తారు, అంటే వెనక్కి తీసేస్తారు. నాకైతే వాళ్లంటే భయంతో కూడిన గౌరవం.

కాబట్టి ప్రాజెక్టు పెద్దలకి నాదో మనవి. ఒకే ప్యాచ్‌కి సోమవారం నో చెప్పి శుక్రవారం అక్షరం మార్చకుండానే ఎస్ చెప్పే రివ్యూయర్లకీ ఓ ఎక్స్‌పెక్టేషన్స్ ఫైలు పెట్టండి. సీనియర్ రివ్యూయర్: పాస్ లేదా ఫెయిల్. లేఅవుట్ ఓనర్ గారు: టైమౌట్. లీవ్‌లో ఉన్నాయన: స్కిప్.