దుబాయ్ వీడియోకు 18 నిమిషాలు

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం జరిపిన మొన్నటి సంక్రాంతి సంబరాలకు వచ్చినవారికి గుర్తుండే ఉంటుంది. ముగ్గుల పోటీ బహుమతులు ముగిసి, భోజనాల వరుస ఇంకా మొదలుకాని వేళ, శీతాకాలపు సెలవుల్లో దుబాయ్ వెళ్లివచ్చిన నాలుగు కుటుంబాల వీడియోను పెద్ద తెరమీద వేశారు. ఆ నాలుగింటిలో మాది ఒకటి. వీడియో 18 నిమిషాలు నడిచింది. ఆ తరువాత, గల్ఫ్‌లో చనిపోయిన ఒక తెలుగు కార్మికుడి కుటుంబానికి చేయగలిగిన సాయం గురించి మాట్లాడడానికి ఒక పెద్దాయన వేదిక ఎక్కితే ఆయనకు 2 నిమిషాలు ఇచ్చారు. అవి పూర్తికాకముందే "గారెలు చల్లారిపోతున్నాయండీ" అని ఎవరో మైకులోనే అన్నారు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. ప్లేటు పట్టుకుని నిలబడ్డప్పుడు కార్యవర్గంలోని మిత్రులొకరు, "మంచి విషయమే గానీ, వాళ్లు మన సంఘం పరిధిలోకి రారు కదండీ" అన్నారు. ఆయన మాటలో దురుద్దేశమేమీ లేదు. నన్ను గుచ్చింది ఆ మాటకంటే, అంతకుముందు తెరమీద అందరికన్నా ఎక్కువ చప్పట్లు అందుకున్న మా సామూహిక ఫోటో.

ఆ ఫోటో కథ చెప్పేముందు, ప్రయాణం బాగా జరిగిందని ఒప్పుకోవాలి. హైదరాబాద్ వెళ్లే దారిలో ఐదు రోజులు దుబాయ్‌లో ఆగాం. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో 124వ అంతస్తుకు లిఫ్టు ఒక్క నిమిషంలో చేర్చింది. పిల్లలు చెవులు మూసుకుని కేరింతలు కొట్టారు. ఇసుక తిన్నెల మీద జీపు ఎగిరిపడుతుంటే ఇద్దరు పిల్లలు వాంతి చేసుకున్నారు, ముగ్గురు మళ్లీ వెళ్దామన్నారు. ఊరంతా రెస్టారెంట్లున్నా, పగలంతా తిరిగి వచ్చాక గదిలో రైస్ కుక్కర్ పెట్టి, ఆవకాయ సీసా మూత తీసి, నాలుగు కుటుంబాలూ ఒకే మంచం చుట్టూ కూర్చుని తిన్న రాత్రిభోజనమే నాకు ఇప్పటికీ నోరూరిస్తోంది. హోటల్ కారిడార్ అంతా పోపు వాసన పరిచిన సంగతి మాత్రం క్షమించదగ్గది కాదు. పిల్లలకు అన్నిటికన్నా నచ్చింది, చిత్రంగా, పాతబస్తీ వైపు క్రీక్ దాటించే కొయ్య పడవ, అబ్రా. మనిషికి ఒక్క దిర్హం. మా పెద్దమ్మాయి పడవ ఒడ్డుకు చేరగానే ఇంకోసారి ఎక్కుదామని పట్టుబట్టింది.

మూడో రోజు రాత్రి హోటల్ ముందు, వెనకాల బుర్జ్ ఖలీఫా వెలుగుతుండగా, పదిహేనుమందిమి వరుసగా నిలబడడానికి తంటాలు పడుతున్నాం. పొట్టివాళ్లు ముందుకు, పొడుగువాళ్లు వెనక్కి అని తెలుగులో పెద్దగా అరుచుకుంటున్నాం. పక్కనే ఇత్తడి కడ్డీలు తుడుస్తున్న నీలిరంగు యూనిఫాం మనిషి గుడ్డను బకెట్ అంచున వేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, "నేను తీస్త సార్, మీరందరు నిలబడుండ్రి" అన్నాడు. ఒక మోకాలు నేలకానించి, ఫోనును తలకిందులు చేసి, కెమెరా కన్ను నేలకు జానెడు ఎత్తున ఉండేలా పట్టుకున్నాడు. "గిట్ల పడితెనే పైన సూది మొన గూడ వస్తది." వచ్చింది. మా తలలూ ఆ మొనా ఒకే చట్రంలో ఇమిడిన ఫోటో అదొక్కటే.

మీది ఏ ఊరు అని అడిగే అలవాటును మన పిల్లలు ఎంత వెక్కిరించినా, దాన్ని వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను. అడిగాను. కోరుట్ల దగ్గరి పల్లె అన్నాడు. మాది మెట్‌పల్లి అన్నాను. "అయితే మనోళ్లే గదన్నా" అన్నాడు. అంతదాకా సార్‌గా ఉన్నవాణ్ణి అన్ననైపోయాను. ఆరేళ్ల నుంచి అక్కడే ఉన్నాడు. మొదట ఏజెంటు విజిట్ వీసా మీద పంపాడట. విదేశాలకు కార్మికులను పంపే లైసెన్సున్న ఏజెంటు తీసుకోవలసిన రుసుము 30,000 రూపాయలూ దాని మీద పన్నూ మించకూడదని మన దేశపు నిబంధన. అతను కట్టింది దానికి ఎన్నో రెట్లు, అదీ వడ్డీకి తెచ్చి. మేం చూసింది డిసెంబరు ఎండ. అతను మొదటి మూడు వేసవులు భవనాల పనిలో గడిపాడు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదనే నియమం అక్కడ ఉంది. ఆ రెండున్నర గంటల కోసం పొద్దుటి నుంచి ఎదురుచూసేవాళ్లమని చెప్పాడు. ఉండేది కార్మికుల శిబిరాలుండే సోనాపూర్‌లో, గదికి ఎనిమిది మంది. సోనాపూర్ అంటే బంగారు పట్టణమని మా అబ్బాయికి నేనే అర్థం చెప్పాను, చెప్పాక ఎందుకు చెప్పానా అనుకున్నాను.

మరుసటి రాత్రి అతను నల్ల ప్లాస్టిక్ సంచితో వచ్చాడు. మూతికి ముడి కూడా వేయలేదు: పడుకోబెడితే కళ్లు మూసుకునే బొమ్మ ఒకటి, ఖర్జూరాల డబ్బా, తల్లికి నొప్పుల నూనె సీసాలు రెండు. మేం హైదరాబాద్ వెళ్తున్నామని నేనే చెప్పాను కాబట్టి, బస్టాండులో తమ్ముడు వచ్చి తీసుకుంటాడని బతిమాలాడు. మా మిత్రుడు నన్ను పక్కకు పిలిచి, ముక్కూ మొహం తెలియనివాళ్ల సామాను విమానంలో తీసుకుపోవడం ఎంత ప్రమాదమో చెప్పాడు. అతను చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అయినా డబ్బా మూత తీసి చూడడానికి, బొమ్మను నొక్కి చూడడానికి, ఆ వస్తువులే హైదరాబాద్‌లో కొని ఇవ్వడానికి నాకు ఎవరు అడ్డం వచ్చారు? సంచి వెనక్కి ఇచ్చాను. "పర్వలేదన్నా, మల్ల ఎవరన్న పోతరు" అని, కడ్డీల దగ్గరికి వెళ్లిపోయాడు.

అతను తీసిన ఫోటోకే మీరంతా చప్పట్లు కొట్టారు.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మా ప్రాంతంలో ఒక మాట ఉంది. కరువు తరిమినప్పుడు మనుషులు పట్టిన మూడు దారులు అవి. నాలుగో దారి అమెరికా పట్టినవాళ్లం మనల్ని ప్రవాసులమని పిలుచుకుంటాం, మొదటి మూడు దారుల్లో వెళ్లినవాళ్లను వలస కూలీలంటాం. ఇద్దరిదీ ఒకే దేశపు పాస్‌పోర్టు. పదో తరగతి దాటనివారి పాస్‌పోర్టులో ఉద్యోగానికి వెళ్లేముందు వలస తనిఖీ అవసరమన్న ముద్ర ఉంటుంది, మన దాంట్లో ఉండదు. అంతే.

కార్యవర్గపు ఇబ్బందులు నాకు తెలియనివి కావు, రెండేళ్లు కోశాధికారిగా చేశాను. సభ్యత్వ రుసుము ఇక్కడి కార్యక్రమాలకు ఇచ్చినది. వారానికొక విన్నపం వస్తుంది. ఏది నిజమో తేల్చే యంత్రాంగం మనకు లేదు. పైగా ప్రభుత్వాలు ఊరికే లేవు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 10 లక్షలు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. దుబాయ్ కాన్సులేట్ కింద సహాయ కేంద్రం ఉంది, ఆపదలో వాడడానికి సంక్షేమ నిధి ఉంది. అయితే ఆ బీమా వలస అనుమతితో ముడిపడింది. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరినవాడికి ఆ అనుమతే ఉండదు. మనిషి పోతే మరణ ధ్రువపత్రం, పోలీసు అనుమతి, కాన్సులేట్ నిరభ్యంతర పత్రం, రద్దయిన పాస్‌పోర్టు, ఇవన్నీ సమకూరితేగాని శవపేటిక కదలదు. పల్లెలో ఉన్న భార్యకు ఈ కాగితాల పేర్లయినా తెలియవు. మనకు తెలియకపోవచ్చు గానీ, కాగితాలంటే భయం లేదు. గ్రీన్‌కార్డు వరుసలో పదేళ్లు నిలబడి, ఒక్కో దరఖాస్తును నాలుగేసి సార్లు నింపినవాళ్లం. డబ్బు అడగడం లేదు నేను. ఆ ఓపికలో కొంత అడుగుతున్నాను: కాగితాలు నింపిపెట్టి, కాన్సులేట్‌కు ఈమెయిలు రాసి, జవాబు వచ్చేదాకా వెంటపడగల ఐదుగురు సభ్యులు.

ఉగాది కార్యక్రమ పట్టిక ఇంకా అచ్చుకు వెళ్లలేదని కార్యదర్శి గారు చెప్పారు. పంచాంగ శ్రవణానికీ పిల్లల నృత్యాలకూ నడుమ ఆ పెద్దాయనకు 10 నిమిషాలు, భోజనాలకు ముందు కాకుండా, ఇవ్వండి. వేళ చాలదంటే మా అమ్మాయి నృత్యం తీసేయండి, దానితో మాట్లాడి ఒప్పించాను. తెరమీద ఏదైనా వేయాలనుకుంటే ఆ ఫోటోనే మళ్లీ వేయండి. దాన్ని ఎవరు తీశారో ఈసారి నేను చెబుతాను.