తొర్ర పడిన చెట్టు చచ్చిన చెట్టు కాదు

ఒక పెంకుపురుగు కోసం రహదారి పనులు ఆపారంటే మన విజయవాడలో ఎవరూ నమ్మరు. ఫ్రాన్స్‌లో ల మాన్, టూర్ నగరాలను కలిపే ఏ28 రహదారి 1990లలో అలాగే ఆగింది. దారికి అడ్డొచ్చిన ముసలి చెట్ల తొర్రల్లో హెర్మిట్ బీటిల్ అనే ఆ పెంకుపురుగు కాపురం ఉంది. 1992లో ఐరోపా దేశాలు చేసుకున్న చట్టం దానికి రక్షణ ఇచ్చింది. ఏళ్ల తరబడి పరిశీలనలు జరిగాక 2005లో గానీ ఆ దారి పూర్తి కాలేదు.

నా మటుకు నాకు అది అతి అనిపించలేదు. ఆ పురుగు 3 సెంటీమీటర్లు ఉంటుంది, ముదురు గోధుమ రంగు. ఓక్ లాంటి చెట్టు నడుమ పుచ్చి తొర్ర పడితే, అందులో పేరుకున్న పొట్టులోనే గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు ఆ పుచ్చిన చెక్కనే తింటూ మూడేళ్లకు పైగా పెరుగుతుంది. రెక్కలొచ్చాక కూడా చాలావాటికి పుట్టిన చెట్టే లోకం. స్వీడన్‌లో గమనిస్తే వేరే చెట్టుకు వెళ్లేవి నూటికి 15 మాత్రమే, అవీ దాదాపుగా కొన్ని వందల మీటర్లు దాటవు. ఓక్ చెట్టుకు అలాంటి తొర్ర ఏర్పడాలంటే 150, 200 ఏళ్లు పడుతుంది. ఒక్క మాను కొట్టి పది మొక్కలు నాటామని ఫొటో దిగేవాళ్లు చెప్పాలి, అన్నేళ్లూ ఆ పురుగు ఎక్కడ బతకాలో!

మా వీధి చివర చింతచెట్టును ఈ మధ్యే కొట్టేశారు. లోపల డొల్ల, ఎప్పుడైనా పడుతుందన్నారు. మాను కోసేసరికి తొర్రలోంచి కాఫీ పొడి రంగులో పొట్టు రాలింది. అందులో వేలెడేసి తెల్లటి పురుగులు ముడుచుకుని కదులుతున్నాయి. అవి ఏ జాతివో అడిగేవాడు లేడు. పారతో ఎత్తి చెత్త ట్రాక్టర్‌లో వేశారు. మిర్చి, పత్తి పండే చోట పురుగు కనబడగానే చెయ్యి మందు డబ్బా మీదికి పోతుంది, ఆ అలవాటు నాకు తెలుసు. కానీ ఇవి పచ్చని ఆకు ముట్టేవి కావు, పుచ్చిన చెక్కను మట్టిగా మార్చేవి.

పైగా డొల్లబడిన చెట్టు చావదు. నడిమి చేవలో ఎలాగూ జీవం ఉండదు. నీళ్లు పైకి మోసేది బయటి చెక్క. అది గట్టిగా ఉన్నంతకాలం చెట్టు చిగురిస్తుంది, కాస్తుంది. మనుషుల ప్రాణాలు ముఖ్యం కాదని అనడం లేదు. బరువెక్కిన కొమ్మలు తగ్గించవచ్చు, కింద కంచె వేయవచ్చు. ఆ ఆలోచనే లేకుండా రంపం పట్టుకుని రావడమే నాకు కడుపు మండిస్తోంది.

ఇదంతా ఐరోపా గోల అనుకోకండి. మన నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో నీలి రంగు సాలీడు ఉంది, గుత్తి టరాంటులా. ముసలి చెట్ల తొర్రలే దాని ఇల్లు. అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో అదీ ఉంది.

చెట్టు కొట్టడానికి అనుమతి కావాలని మనకు 2002 నుంచి చట్టం ఉంది. ఆ అనుమతి ఇచ్చే ముందు తొర్రలో ఏముందో తెలిసినవాళ్లు చూడాలి. కొట్టక తప్పదంటే ఆ మానును పార్కులో ఓ మూల పడేసి ఉంచాలి, పొట్టుతో సహా. జంతుశాస్త్రం చెప్పే కళాశాలలు గుంటూరులోనూ విజయవాడలోనూ ఎన్ని లేవు? అధ్యాపకుల్ని, పిల్లల్ని పిలిస్తే రారా?