శ్రీకాకుళంలో సురక్షితమైన దారి: నిమిషాలకంటే ముందు కూడళ్లను లెక్కపెట్టాలి

ఎక్కడికైనా బయలుదేరే ముందు ఫోనులో మ్యాపు చూసుకుంటే, అది సాధారణంగా తక్కువ సమయం పట్టే దారినే ముందు చూపిస్తుంది. మహానగరాల్లో ఆ లెక్కకు విలువ ఉంది. శ్రీకాకుళంలో ఎటు తిరిగి వెళ్లినా తేడా చాలాసార్లు అయిదారు నిమిషాలకు మించదు. ఆ కాస్త సమయం కోసం రద్దీ కూడళ్లన్నిటినీ కోసుకుంటూ వెళ్లడం నష్టపు బేరమని నా అభిప్రాయం.

కూడలిలో ప్రమాదం ఎక్కడ పుడుతుందో రహదారి ఇంజినీర్లు లెక్కగట్టారు. రానూపోనూ ఒక్కో వరుస ఉన్న నాలుగు రోడ్లు కలిసినా, వాహనాల దారులు ఒకదాన్నొకటి కోసుకునే, కలిసే, విడిపోయే బిందువులు 32 ఉంటాయి. మూడు రోడ్లు కలిసే చోట అవి 9 మాత్రమే. ఇక మన ఏడు రోడ్ల కూడలిలో ఎన్ని ఉండగలవో ఊహించవచ్చు. ఈ లెక్కలో పాదచారులు గానీ, మలుపులోనే ఆగి మనుషులను ఎక్కించుకునే ఆటోలు గానీ లేరు. మరీ ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ 32లో వాహనాలు అడ్డంగా కోసుకునే బిందువులు 16 కాగా, వాటిలో 12 కుడివైపు తిరిగే వాహనాల వల్లే ఏర్పడుతున్నాయి. ఎడమవైపు నడిచే మన రోడ్ల మీద కుడి మలుపు తిరగడమంటే ఎదురుగా వచ్చే ప్రవాహాన్ని చీల్చుకుంటూ పోవడమే. అందువల్ల సిగ్నలు లేని చోట కుడివైపు తిరగాల్సిన అవసరం రాకుండా, ఎడమ మలుపులతో చుట్టి వచ్చే దారిని ఎంచుకోవడం ఎవరైనా రేపటి నుంచే చేయగల పని. అలా చుట్టి వచ్చేవారిని దారి తెలియనివారని మనవాళ్లు అనుకుంటారు కానీ, దారిని అందరికన్నా బాగా ఎరిగినవారు వాళ్లే.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. డివైడర్ మధ్య యూటర్న్ చాలా దూరంలో ఉంటే, ద్విచక్ర వాహనదారులు అంత దూరం వెళ్లి తిరిగిరారు, రాంగ్ రూట్‌లో వచ్చేస్తారు. వాళ్లను తప్పుపట్టడం తేలికే గానీ, సురక్షితమైన దారి సులువుగా కూడా లేనప్పుడు జనం దాన్ని వాడరన్నది నగరపాలక సంస్థ ముందే గుర్తించవలసిన విషయం. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు, సుమారు అయిదోవంతు పాదచారులు. కారులో కూర్చుని చూసి నిర్ణయించిన దారి వీళ్లకు భద్రమైనది కాకపోవచ్చు.

జాతీయ రహదారి 16 దగ్గర ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకు 22 మీటర్లు ముందుకు కదులుతుంది. ఆగి ఉన్న బైకు రోడ్డులో ఒక సగం దాటడానికి నాలుగు సెకన్లు పట్టినా, ఈలోగా లారీ దాదాపు 90 మీటర్లు దగ్గరకు వచ్చేస్తుంది. రాత్రిపూట హెడ్‌లైటు చూసి అంత దూరాన్ని అంచనా కట్టడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. దగ్గర్లో అండర్‌పాస్ ఉంటే, అది రెండు కిలోమీటర్లు అదనమైనా సరే, దాని కిందుగా పోవడమే మేలు.

దారి భద్రత వేళను బట్టి కూడా మారుతుంది. ఆదివారం ఉదయం అరసవల్లి దారి వేరు, మంగళవారం మధ్యాహ్నం అదే దారి వేరు. రథసప్తమికైతే చెప్పనక్కరలేదు. వరి కోతల కాలంలో చుట్టుపక్కల పల్లెల రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, వెనుక ఎర్రదీపం లేని ట్రాక్టర్లు చీకటిపడ్డాక కూడా తిరుగుతుంటాయి, పైగా తెల్లవారుజామున మంచు కమ్ముతుంది. ఆ నెలల్లో పల్లె అడ్డదారి కన్నా వెలుతురున్న పెద్ద రోడ్డే నయం.

జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో కలిగించిన ప్రమాదాలు అయిదు జరిగితే, లేదా పది మంది మరణిస్తే, ఆ చోటును బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. అంతమంది గాయపడిన తర్వాత గానీ ఒక మలుపు ప్రమాదకరమని ఒప్పుకోని ఈ పద్ధతి నగర వీధులకు చాలదు. ఏ మలుపులో రోజూ వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పుతోందో ఆటోడ్రైవర్లకు, 108 సిబ్బందికి బాగా తెలుసు, వారిని కూర్చోబెట్టి అడగాలి. ప్రమాదం జరిగిన చోటును పోలీసులు ఈ-డార్ అనే ఆన్‌లైన్ ప్రమాద నమోదు వ్యవస్థలో నమోదు చేస్తున్నారు కాబట్టి, బాధితుల వివరాలు తొలగించి, కూడలివారీగా, వేళలవారీగా ఆ సమాచారాన్ని నగర పటం మీద ప్రజలకు చూపించవచ్చు.

సురక్షితమైన దారులకు మారే పనిని బడి బస్సులు, పిల్లలను తీసుకెళ్లే ఆటోలతో మొదలుపెట్టాలి. వాటి దారులు రోజూ ఒకటే, వేళలూ ఒకటే. జూన్‌లో బడులు తెరిచేలోపు ఒక్కో బండి దారిని కాగితం మీద గీసి, సిగ్నలు లేని కుడి మలుపులను వీలైనన్ని తీసేసి, పిల్లలు రోడ్డు దాటే పని లేకుండా బడి గేటు ఉన్న వైపునే బండి ఆగేలా మార్చడానికి కొత్త రోడ్లు వేయనక్కరలేదు.