జారుడు గుడ్డ గారికి బహిరంగ లేఖ

పెయింటింగుల్లో, శిల్పాల్లో ఆడవాళ్ల ఒంటి మీంచి జారుతూ ఉండే గుడ్డ గారికి,

మీరు కులాసాగానే ఉన్నారని తెలుసు, ఎందుకంటే ఏ ఆర్ట్ పుస్తకం తెరిచినా మీరే, తెల్లగా, మడతలు మడతలుగా, ఒక్క మరకైనా లేకుండా. స్నానం చేసే ఆవిడ మీదా మీరే, నిద్రపోయే ఆవిడ మీదా మీరే. పూర్తిగా ఉండరు, పూర్తిగా పోరు, ఏంటండీ ఈ వేషాలు?

ఆ వీనస్ ద మిలో అనే గ్రీకు పాలరాతి శిల్పం సంగతే చూడండి, రెండు వేల ఏళ్లకి పైగా ఆవిడ తుంటి మీద ఇదిగో జారుతున్నా అదిగో జారుతున్నా అంటూ వేలాడుతున్నారు. ఆవిడ చేతులు రెండూ ఊడిపోయాయి గానీ మీరు మాత్రం అంగుళం కదల్లేదు, పాపం పైకి లాక్కుందామన్నా ఆవిడకి దారి లేదు. ఇటలీ చిత్రకారుడు బొటిచెల్లి వేసిన వీనస్ దేవత దగ్గరైతే ఇంకో డ్రామా, పక్కనుంచి ఒకావిడ మిమ్మల్ని పట్టుకుని కప్పడానికి వచ్చేస్తూ ఉంటుంది, 500 ఏళ్లు దాటినా ఇంకా చేరలేదు.

నేనూ అద్దం ముందు టవల్ చుట్టుకుని నా బొమ్మ నేనే గీసుకుందామని ట్రై చేశాలెండి. టవల్ ఊడితే ధబుక్కున కుప్పలా పడుతుంది, లేదంటే అసలు ఊడదు, మధ్యలో అందంగా ఆగడం దాని వల్ల కాలేదు. కానీ అది పడ్డాక నడుం చుట్టూ ఎలాస్టిక్ అచ్చు కనిపించింది, ఎర్రగా, దువ్వెన పళ్లతో నొక్కినట్టు. మొహం గీయడానికి పట్టిన టైం కన్నా ఆ అచ్చుకే ఎక్కువ పట్టింది. మరి మీరు ఇన్ని వందల నడుముల మీద కాపురం చేశారే, ఒక్కదాని మీదైనా అచ్చు పడలేదేం?

సరే జారితే జారారు, మగాళ్ల దగ్గర ఆ బిగింపు ఏంటో చెప్పండి. లండన్‌లో రాయల్ అకాడమీ అనే చిత్రకళా సంస్థని 1768లో పెట్టినప్పుడు స్థాపించినవాళ్లలో ఏంజెలికా కాఫ్‌మన్, మేరీ మోజర్ అని ఇద్దరు ఆడవాళ్లున్నారు, అయినా నగ్న మోడల్‌ని చూసి గీసే క్లాసులోకి ఆడవాళ్లకి ఎంట్రీ లేదు. ఒళ్లు గీయడం నేర్చుకోకపోతే పెద్ద పెద్ద పురాణ చిత్రాలు వేయలేరు కదా, పూలూ పళ్లూ వేసుకోండమ్మా అన్నట్టే లెక్క. 1890ల్లో ఎట్టకేలకి అమ్మాయిలకి మగ మోడల్‌ని చూపించారు, ఎలాగంటే ముందు ఈతకెళ్లే నిక్కరు, దాని మీద 9 అడుగుల పొడవు 3 అడుగుల వెడల్పు మీరు, నడుంకి చుట్టి, కాళ్ల మధ్య నుంచి తీసి, పైన దోపి, అప్పటికీ నమ్మకం లేక పైన తోలు బెల్టు! నిక్కరు మీద గోచీ, గోచీ మీద బెల్టు. వీనస్‌కి కనీసం ఒక పిన్నీసు ఇచ్చిన మహానుభావుడు లేడు.

అక్కడ అమెరికాలో, ఫిలడెల్ఫియాలో థామస్ ఈకిన్స్ అనే మాస్టారు అమ్మాయిలున్న క్లాసులో మగ మోడల్ మీంచి మిమ్మల్ని లాగేశాడని 1886లో అక్కడి ఆర్ట్ అకాడమీ వాళ్లు రాజీనామా చేయించారు. ఆడదాని మీంచి జారితే మాస్టర్‌పీసు, మగాడి మీంచి జారితే మాస్టారి ఉద్యోగం!

మీరు బుద్ధిగా ఉన్న చోట్లు లేకపోలేదు. 1906లో పౌలా మోడర్‌సన్-బెకర్ అనే జర్మన్ చిత్రకారిణి తన పెళ్లిరోజున తన బొమ్మ తనే వేసుకుంది, మెడలో పూసల దండ, ముందుకొచ్చిన పొట్ట, దానికి పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి (అప్పటికి ఆవిడ కడుపుతో లేదు, ఊరికే అలా వేసుకుంది). మీరు నడుం కింద కిక్కురుమనకుండా ఉన్నారు. కట్టుకున్నదీ గీసిందీ ఒక్కరే అయ్యేసరికి జారడం మర్చిపోయారా?

ఇంక అమెరికా చిత్రకారిణి ఆలిస్ నీల్ వేసుకున్న తన బొమ్మ దగ్గర మిమ్మల్ని చూసి చాలాసేపు గుర్తుపట్టలేదండీ. 1980లో, 80 ఏళ్ల వయసులో పూర్తి చేసిన బొమ్మ, చారల కుర్చీలో కూర్చుంది, కళ్లజోడు తప్ప ఒంటి మీద ఏమీ లేదు, రొమ్ములూ పొట్టా ఎలా వాలాయో అలాగే వేసేసింది. మీ కోసం తుంటి మీద వెతికా, భుజం మీద వెతికా, లేరు. చూస్తే ఒక చేతిలో బ్రష్షు, రెండో చేతిలో మీరు, రంగు తుడుచుకునే గుడ్డగా.

ఇట్లు,
ఎలాస్టిక్ అచ్చు ఇంకా పోని ఒకావిడ