తిట్టు పల్లమెరుగు

పోలీసు శాఖలో పై అధికారులు తిట్టడం తగ్గించాలని ఈమధ్య కొందరు మేధావులు తెగ సలహాలిస్తున్నారు. వాళ్లెప్పుడూ సెట్ కాన్ఫరెన్స్, అంటే పెద్దసారు వైర్‌లెస్‌లో స్టేషన్లన్నిటితో ఒకేసారి పెట్టే మీటింగ్, విని ఉండరు.

రాత్రి తొమ్మిదింటికి వైర్‌లెస్ సెట్లో పెద్దసారు ఒక సీఐని పట్టుకుని "అన్నమే తింటున్నావా?" అని ఆరోగ్యం వాకబు చేస్తారు. అడిగింది ఒక్కణ్ణి, విన్నది జిల్లా మొత్తం. ఒక్క తిట్టుతో ఇన్ని స్టేషన్లు నడిపే పొదుపు ఇంకే కంపెనీకి చేతనవుతుంది చెప్పండి? సీఐ "యస్ సార్" అని సెట్ పక్కన పెట్టి ఎస్సైకి ఫోన్ చేస్తాడు, ఎస్సై స్టేషన్ రైటర్ని పిలుస్తాడు, రైటర్ రాస్తున్న కేస్ డైరీ మూసేసి సెంట్రీ వైపు చూస్తాడు. సెంట్రీ కింద ఎవరూ లేరు. అందుకని, గేదె పోయిందని కాగితం పట్టుకుని పొద్దుటి నుంచి బల్ల మీద కూర్చున్న ముసలాయన కనిపిస్తాడు. "గేదెను కట్టేసుకోవడం చేతకాదు గానీ కంప్లైంట్ ఒకటా నీకు?" అత్త మీద కోపం దుత్త మీద అన్నారు పెద్దలు, పాపం వాళ్లకు ఈ డిపార్ట్‌మెంట్‌లో ఒక దుత్తకు ఇంతమంది అత్తలుంటారని తెలీదు.

ఇక సెలవుల సంగతి. 1857 తిరుగుబాటుకు జడుసుకున్న తెల్లదొరలు 1861 పోలీసు చట్టంలో, 22వ సెక్షన్ కింద, పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క అని రాసి పెట్టారు. దొరలు వెళ్లిపోయారు, ఆ వాక్యం మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వీక్లీ ఆఫ్ ప్రకటించారు, బందోబస్తు లేని వారమంటూ వస్తే నిక్షేపంగా తీసుకోవచ్చు. 2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు కానిస్టేబుళ్ల భార్యలు పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కారు, మా ఆయన్ని ఇంటికి పంపండి మహాప్రభో అని. బెటాలియన్లలోనూ నిరసన రేగింది. 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని డిస్మిస్ చేశారు. ఇంటికి పంపమన్నారు, పంపారు! ఇంతకంటే స్పందించే ప్రభుత్వం ఎక్కడుంటుంది?

సిబ్బంది ఆరోగ్యం పట్టదనే మాట కూడా అబద్ధమే. నాకు తెలిసిన కానిస్టేబుల్ ఒకాయన నైట్ బీట్ దిగి అటునుంచి అటే, టెన్షన్ తగ్గించే యోగా శిబిరానికి వెళ్లాడు. వెళ్లకపోతే ఆబ్సెంట్. తీరా అక్కడ గురక పెట్టాడని మెమో ఇచ్చారు. సంజాయిషీలో ఆయన రాసిందిది: "శవాసనం వేయమన్నారు సార్, వేశాను."