కేసీఎల్ ఆంప్యూల్ గారికి బదిలీ విన్నపం

మహారాజశ్రీ పొటాషియం క్లోరైడ్ 15 శాతం, 10 మి.లీ. ఆంప్యూల్ (అనగా మందు నింపి మూతి మూసిన బుల్లి బుడ్డి) గారి దివ్యసముఖమునకు, నర్సింగ్ విద్యార్థులకు ఫార్మకాలజీ చెప్పుకుని బతికే ఒక ట్యూటర్ వ్రాసుకొను విన్నపం ఏమనగా,

వార్డులో అందరూ తమరిని కేసీఎల్ అని చనువుగా పిలుస్తారు. ఇంజెక్షన్ ట్రేలో తమరికి ఒక పక్క డిస్టిల్డ్ వాటర్, మరో పక్క సోడియం క్లోరైడ్, వెనక వరుసలో మూత్రం ఎక్కువగా పోయించే లాసిక్స్ కాపురం ఉంటారు. చూడబోతే తమరివీ, అటూ ఇటూ ఉన్నవారివీ తెల్లని ఒళ్లే, అందరి మీదా చీమతలంత అక్షరాలే. తెల్లవారుజామున, సగం ట్యూబ్‌లైట్లు వెలగని వార్డులో, యాంటీబయాటిక్ పొడి కరిగించడానికి నీళ్లు వెతుక్కునే చేతికి తమరే ముందు తగిలితే అందులో తమరి దోషం లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. తమరు నడిచి ఎవరి దగ్గరికీ వెళ్లలేదు; పెట్టినచోట పడి ఉన్నారు.

తమరి ఘనతను తరగతిలో లెక్క వేసి చూపిస్తుంటాను. పెద్దవారి ఒంట్లో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, సుమారు 3 లీటర్లు. అందులో లీటరుకు 4 మిల్లీఈక్వివలెంట్ల (లవణాలను కొలిచే ప్రమాణం) చొప్పున పొటాషియం ఉందనుకుంటే మొత్తం 12 అవుతుంది. తమరి బుల్లి పొట్టలో ఉన్నది 20. శరీరంలోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే దాక్కుని ఉంటుందనీ, లోపలికీ బయటికీ ఉన్న ఆ తేడా మీదే గుండె కొట్టుకోవడం ఆధారపడిందనీ తెలిసిన పిల్లలకు, తమరు సిరంజిలోంచి నేరుగా నరంలోకి దిగితే గుండె ఆగిపోతుందని వేరే చెప్పనక్కరలేదు. ఈసీజీ గీతలో టీ అనే తరంగం నిక్కబొడుచుకోవడం, క్యూఆర్‌ఎస్ అనే భాగం వెడల్పెక్కడం వంటి హెచ్చరికలు చూసి గుండెకు కాపుగా ఇచ్చే కాల్షియం గ్లూకోనేట్ అందుకునేంత వ్యవధి కూడా అప్పుడు ఎవరికీ మిగలకపోవచ్చు. గుండె ఆపరేషన్‌లో గుండెను కదలకుండా నిలిపి ఉంచే ద్రావణంలో తమరుంటారు. 1982లో టెక్సాస్‌లో ఇంజెక్షన్‌తో మొదటిసారి మరణశిక్ష అమలు చేసినప్పుడు వాడిన మూడు మందుల్లో తమరూ ఒకరు. ఇంతటి బయోడేటా గలవారిని దూది ఉండల పక్కన కూర్చోబెట్టిన మా మర్యాదకు మన్నించండి.

తమరు అక్కరకు రారని నేననను. వాంతులు, విరేచనాలతో నీరసించినవారికీ, లాసిక్స్ మోతాదులతో పొటాషియం మూత్రంలో పోగొట్టుకున్నవారికీ, షుగరు అదుపు తప్పి రక్తంలో ఆమ్లాలు పేరుకునే కీటోఅసిడోసిస్‌లో ఇన్సులిన్ ఎక్కుతుండగా పొటాషియం కణాల్లోకి జారిపోయేవారికీ తమరే దిక్కు. కాకపోతే తమరిని పిలవడానికి ఒక పద్ధతి ఉంది. ముందుగా రక్తంలో పొటాషియం ఎంతుందో చూడాలి, మూత్రం సరిగా వస్తోందో లేదో చూడాలి. అర లీటరు సెలైన్‌లో తమరిని కలిపి, సీసాను పలుమార్లు తలకిందులు చేసి తిప్పాలి. వేలాడుతున్న సీసాలోకి అలాగే పొడిచి వదిలేస్తే తమరు బరువుగా అడుగుకు చేరి, మొదటి చుక్కల్లోనే మూకుమ్మడిగా దిగుతారు. మామూలు వార్డులో గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లు మించకూడదు గనుక తమరికి కనీసం రెండు గంటల ప్రయాణం. నిదానంగా నాలుగు గంటలు పెట్టుకుంటే, మి.లీ.కి 20 చుక్కలు వదిలే డ్రిప్ గొట్టం సెట్టు మీద నిమిషానికి 42 చుక్కలు. తమరిని కలిపిన సీసాకు ఆ సంగతి రాసిన చీటీ అంటించాలి, నరం మంటపుడుతోందని రోగి అంటే వినాలి.

ఇక మేం పిల్లల చేత ఎక్కాల్లా వల్లె వేయించే అయిదు సరైనవి ఉన్నాయి కదా: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. తమరి తెలివితేటలకు నేను ఆశ్చర్యపోయేది ఇక్కడే. డాక్టరు రాసిన రోగికే, రాసిన కేసీఎల్‌నే, రాసిన 20 మిల్లీఈక్వివలెంట్లే, రాసిన నరంలోకే, రాసిన గంటకే సిరంజితో ఎక్కించేసిన విద్యార్థిని అయిదింటికీ టిక్కు పెట్టుకోగలదు. ఎంత వేగంతో అన్నది ఆ అయిదింటిలో లేదు. పరీక్షలో అయిదు మార్కులకు సరిపోయే ఆ జాబితాలో తమరు దర్జాగా దూరి వెళ్లే సందు అదే.

తమరి సంగతి లోకానికి తెలియదనుకోకండి. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 1998లో తన మొట్టమొదటి హెచ్చరిక పత్రాన్ని తమరి మీదే వెలువరించింది. అందులో పరిశీలించిన 10 మరణాల్లో 8, తమరిని పలుచన చేయకుండా నేరుగా ఎక్కించడం వల్ల జరిగినవి. ఆ 8లో 6 సార్లు తమరిని మరో మందనుకున్నారు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తమరి వంటి గాఢ ద్రావణాలను వార్డుల నుంచి తీసి ఫార్మసీ అధీనంలో ఉంచమని సూచించింది. ఇక్కడ చాలాచోట్ల మాత్రం, ప్రమాదం జరిగాక విచారణ వేస్తారు, ఆ పూట డ్యూటీలో ఉన్న అమ్మాయికి సంజాయిషీ మెమో ఇస్తారు, పక్కరోజు అదే ట్రేలో అదే గడిలో తమరిని మళ్లీ నింపుతారు. మెమో ఇచ్చేవారికి అమ్మాయి పేరు తెలుసు, తమరి అడ్రసు ఎందుకో గుర్తుండదు.

కావున తమరు దయచేసి స్వచ్ఛందంగా బదిలీ కోరుకోవలసిందిగా ప్రార్థన. ఫార్మసీలో తాళం వేసిన అర ఒకటి తమరి కోసం చూస్తాం. గుమ్మానికి ఎర్ర చీటీ కూడా అంటిస్తాం. ఐసీయూలో తమరు తప్పనిసరైతే విడిగా ఒక డబ్బా ఇస్తాం, బయటికి తీసిన ప్రతిసారీ ఇద్దరు సిస్టర్లు పేరు పైకి చదివి సంతకాలు పెడతారు. సాధారణ వార్డుకు రావలసి వచ్చినప్పుడు ముందే కలిపి సిద్ధం చేసిన సీసాలో వేంచేయండి. ట్రేలో తమరు ఖాళీ చేయబోయే గడి కోసం డిస్టిల్డ్ వాటర్ వారు ఇప్పటికే దరఖాస్తు పెట్టుకున్నారు.

ఇట్లు,
తమరిని దూరం నుంచే గౌరవించదలచిన,
ఒక నర్సింగ్ ట్యూటర్