సవరణ: చలికి స్కూళ్లు మూసేది వాతావరణ శాఖ కాదు

అమెరికాలో చలికాలం స్కూల్ సెలవుల గురించి మొన్న రాసిన పోస్టులో, ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్‌కి పడితే వాతావరణ శాఖే స్కూళ్లు మూయిస్తుందని అన్నాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాసేశాను.

అక్కడి వాతావరణ శాఖ, అంటే నేషనల్ వెదర్ సర్వీస్, హెచ్చరికలు ఇస్తుంది, అంతే. మూయాలా, ఆలస్యంగా తెరవాలా అన్నది మామూలుగా ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్లు నడిపే స్థానిక సంస్థ) సూపరింటెండెంట్ తేల్చాలి. దేశమంతటికీ ఒకే హద్దు లేదు. మంచు అలవాటైన ఉత్తరాది ఊళ్లు మామూలుగా నడిపే రోజున దక్షిణాదిలో అన్నీ మూతపడొచ్చు.

థర్మామీటర్ అంకె ఒక్కటే చూడరు, గాలి కూడా లెక్కే. వాతావరణ శాఖ పట్టిక ప్రకారం, సున్నా ఫారెన్‌హీట్‌లో (సుమారు మైనస్ 18 సెల్సియస్) గంటకు 15 మైళ్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 19 ఫారెన్‌హీట్ చలిలా తగులుతుంది. అప్పుడు కప్పుకోని చర్మం 30 నిమిషాల్లోనే గడ్డకట్టొచ్చు. బస్సు కోసం బయట నిలబడే పిల్లల గురించే అసలు టెన్షన్. దానికి తోడు రోడ్డు మీద కంటికి కనపడని పల్చటి ఐసు, చలికి స్టార్ట్ కాని డీజిల్ బస్సులు.

స్కూలు రెండు గంటలు ఆలస్యంగా తెరవడాన్ని ఆ పోస్టులో నేను "సగం సెలవు" అని తేలిగ్గా తీసేశాను. తెల్లవారి వెలుతురు రావడానికి, ఐసు కరిగేలా ఉప్పు చల్లే ట్రక్కులు రోడ్లు చుట్టిరావడానికే ఆ గడువు. కొన్ని డిస్ట్రిక్టులు తల్లిదండ్రులకు పంపే సూచనల్లో ఈ సంగతి స్పష్టంగానే ఉంది.